చెట్టెక్కే మనిషిని గేటు దగ్గర ఆపకండి

ఈ ఉగాదికి ఒడిశాలోని మన తెలుగు సంఘం ఆవరణలో జరిగిన రుచుల సంత గురించి ఇప్పటిదాకా ఎవరూ పెదవి విప్పలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. పంచాంగ శ్రవణం ఇంకా మొదలు కాకముందే, గంజాం జిల్లా చికిటి వైపు నుంచి వచ్చిన దంపతుల్ని బల్ల సర్దుకుని వెళ్లిపొమ్మన్నారు. పిలిచి చోటిచ్చింది మన యువజన విభాగమే. ఆయన తాటిచెట్టు గీసే మనిషి. ఆవిడ తాటిబెల్లం, తాటితాండ్ర, తెల్లారగట్ల దించి ఐసు డబ్బాలో పెట్టి తెచ్చిన నీరా, అంటే పులియని తియ్యటి తాటిరసం, బల్ల మీద సర్దుకుంది. ఆయన మోకు, గీతకత్తి పక్కన పెట్టుకుని, చుట్టూ చేరిన పిల్లలకి చెట్టెలా ఎక్కుతారో చెప్తున్నాడు. అంతలో కార్యవర్గంలో ఒకరు వచ్చి, "ముఖ్య అతిథి వచ్చే వేళకి ఇక్కడ కల్లు దుకాణం కనిపిస్తే పరువేం కావాలి?" అన్నారు. అనుమతి కాగితం ఉందా అని అడిగితే అదో పద్ధతి. అదెవరూ అడగలేదు. వాళ్లు మారుమాట లేకుండా ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

ఆ రాత్రి హోటల్లో ముఖ్య అతిథికిచ్చిన విందులో ఎలాంటి సీసాలు తెరిచారో వెళ్లిన వాళ్లందరికీ తెలుసు. నేనూ వెళ్లాను. పోయినేడు ఇదే పత్రికలో మన సభ్యులొకరు అమెరికాలో, బీరు కాచిన చోటే తాగించే బ్రూపబ్‌కి వెళ్లొచ్చిన ముచ్చట్లు ఫోటోలతో సహా రాస్తే అందరం మెచ్చుకున్నాం. విదేశంలో కాచిన బీరుకి పత్రికలో పేజీలు, సీసాకి విందులో చోటు. మన చెట్టు నుంచి దించిన, ఇంకా పులియని నీరాకి మాత్రం గేటు బయట దారి.

ఆ బ్రూపబ్ వ్యాసాన్ని తప్పు పట్టడం లేదు. అలాంటి చోటు నేనూ చూశాను. మా అమ్మాయి వాళ్లుండేది వాషింగ్టన్ రాష్ట్రంలో. అల్లుడు "అత్తయ్యా, మీరు తాగకపోయినా సరే, చూడాల్సిన ఊరు" అని మమ్మల్ని యాకిమా తీసుకెళ్లాడు. బీరుకి చేదునీ వాసననీ ఇచ్చే హాప్స్ తీగ అమెరికాలో పండేదాంట్లో ముప్పాతిక వంతు ఆ లోయ చుట్టూనే పండుతుంది. మన తమలపాకు తోటల్లాగే తాళ్లు కట్టి పైకి పాకిస్తారు, కాకపోతే ఇంకా ఎత్తుగా. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉండేది. అది ఎత్తేశాక కూడా బీరు కాచే చిన్నవాళ్లు చాలాకాలం కోలుకోలేదు. కాచిన చోటే, తిండితో పాటు అమ్ముకునే, నిషేధం తర్వాత మొదటి బ్రూపబ్‌ని 1982లో బర్ట్ గ్రాంట్ అనే ఆయన తెరిచింది ఆ ఊళ్లోనే.

మేం వెళ్లింది వేరే చోటుకి, చిన్నదే. అద్దం గోడ అవతల స్టీలు పీపాలు. గోడ మీద నల్లబల్ల, దాని మీద ఒక్కో బీరు పేరు, అందులో ఆల్కహాలు ఎంత శాతం, చేదు అంకె ఎంత. చెక్కపలక మీద నాలుగు బుల్లి గ్లాసుల్లో నాలుగు రకాలు రుచికి తెచ్చిచ్చారు. మా ఆయన తాగారు, నేను ఒక్కోదాంట్లో ఒక గుక్క చూశాను. గోధుమతో కాచింది తేలిగ్గా ఉంది. ఇంకోటి ముందు నారింజ తొక్క వాసన వేసి వెనకాల చేదు పట్టేసింది, అది నాకు నచ్చలేదు. బండి నడపాలి కాబట్టి మా అమ్మాయి ముట్టుకోలేదు. ముట్టుకోమని ఎవరూ బలవంతపెట్టలేదు కూడా. పక్క బల్ల దగ్గర చంటిపిల్లతో ఒక జంట, ఆ పక్కన పేకాడుకుంటున్న ముసలివాళ్లు. రొద ఎక్కువ, వేపుళ్లలో ఉప్పు ఎక్కువ, ధరలు మరీ ఎక్కువ.

కాసేపటికి రబ్బరు బూట్లతో, తడి చేతులు తుడుచుకుంటూ బీరు కాచే కుర్రాడే మా బల్ల దగ్గరికి వచ్చాడు. హాప్స్ ఏ రైతు పొలంలోవో, ఈసారి ఎందుకు చేదు తగ్గించాడో, సారం తీసేశాక మిగిలిన గింజల పిప్పి ఏ పశువులకి వెళ్తుందో చెప్పాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. వెళ్లేటప్పుడు ఒక పెద్దాయన లేచి నిలబడి అతని చెయ్యి కలిపాడు. ఆ రోజు నాకు ఆ ఊరు మీద గౌరవం కలిగింది.

మన దగ్గర ఆ పని చేసే మనిషికి అంతకు తక్కువ విద్యేం ఉంది? మా అమ్మమ్మగారి ఊరు ఇచ్ఛాపురం అవతల. మా పెరటి వెనకాల తాళ్లు గీసే తాతకి ఏ చెట్టు ఎప్పుడు గెల వేస్తుందో, పోతుతాడి ఏదో, ముంజలు కాసేదేదో కళ్లు మూసుకున్నా తెలుసు. పొద్దునా సాయంత్రం ఎక్కి, గెల కొసని పల్చగా ఒక్క పొర మాత్రమే చెక్కేవాడు. లోతుగా తెగితే ధార ఆగిపోతుంది. నీరా కావాలంటే కుండ లోపల సున్నం రాసేవాడు. సున్నం లేకపోతే గాలిలో, కుండలో ఉండే ఈస్టు తగిలి అది చెట్టు మీదే పులవడం మొదలెడుతుంది. పొద్దున తియ్యన, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి బీరంత ఘాటు, మర్నాటికి వెనిగరు. నిలవ ఉండదు కాబట్టి కల్లు మన దగ్గరికి రాదు, చెట్టు దగ్గరికి మనం వెళ్లాలి. యాకిమాలో అంత డబ్బు పోసి అద్దం గోడలు కట్టి చేసిందీ ఇదే, పుట్టిన చోటే తాగించడం. రాయగడ, కొరాపుట్ వైపు సభ్యులకి కల్లిచ్చే జీలుగు చెట్టు సంగతి నేను చెప్పక్కర్లేదు. పదేళ్లకి పైగా పెరిగి, పైనుంచి కిందికి ఒక్కో గెలే వేసుకుంటూ వచ్చి, ఆఖరి గెలతో చచ్చిపోయే చెట్టు అది. దాన్ని ఎప్పుడు, ఎంత గీయాలో కొండల మీది వాళ్లకి తరాలుగా తెలుసు.

అవతలి మాట కూడా చెప్పాలి. మన సంఘంలో ఒక రిటైర్డు టీచరమ్మగారు, "నీకేం తెలుసమ్మా, తాగుడుతో మా పుట్టిల్లు కూలిపోయింది" అన్నారు. ఆమెకి ఎదురు చెప్పను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితేనే 1993లో ఆంధ్రలో సారా ఆగింది, 1995లో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించేశారు. ఆ దంపతులు వచ్చిన చికిటి దగ్గరే 2024 ఆగస్టులో సారా తాగి మనుషులు చచ్చిపోయారు. తెలంగాణలో కల్లులో ఆల్ప్రాజోలం అనే మత్తు మందు కలిపి జనాన్ని దానికి బానిసలు చేశారు. రోడ్డు పక్క కల్లుపాక ఎలా ఉంటుందో కూడా చూశాను. ఈగలు, ప్లాస్టిక్ గ్లాసులు, ఆడమనిషి నిలబడలేని చోటు, అప్పు పద్దు. దాన్ని నేను వెనకేసుకు రావడం లేదు.

కానీ టీచరమ్మగారూ, ఆ రాత్రి హోటల్లో సీసాలు మీ పుట్టింటిని గుర్తు చేయలేదా? మన మగవాళ్లు మేడ మీద, కారు డిక్కీ చాటున, స్టీలు గ్లాసుల్లో పోసుకు తాగుతారు. ఎంత తాగారో, అందులో ఎంత శాతం ఉందో భార్యకీ తెలియదు, వాళ్లకీ తెలియదు. ఆ నల్లబల్ల మీద అంకె రాయడంలో ఉన్న మర్యాద మన ఇళ్లలో లేదు. ఇదంతా చూశాక నాకు ఒకటే తోస్తోంది. ఆ రోజు మనకి అడ్డొచ్చింది మద్యం కాదు, కులం. చెట్టెక్కే కులం వాడు మన బల్ల పక్కన బల్ల వేసుకోవడం కొందరికి కంటగింపైంది.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేస్తాం. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన ఆయన, పెద్దమనుషులు పక్కన కూర్చోబెట్టుకోవడానికి ఇష్టపడని సవరలనే గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి బడులు పెట్టారు. 1936లో ఒడిశా ఏర్పడ్డాక ఇవతల ఉండిపోయిన మనం, మా మాట వినండి, మా బడి ఉంచండి అని ఇన్నేళ్లుగా అడుగుతున్నాం. అలా అడిగే వాళ్లకి ఇంకొకరిని గెంటే హక్కెక్కడిది?

కార్యవర్గానికి నా విన్నపం ఇది. ముందు ఇద్దరు పెద్దలు చికిటి వెళ్లి ఆ దంపతుల్ని క్షమాపణ అడగండి. వచ్చే ఉగాదికి ఎక్సైజు వాళ్ల అనుమతి ముందే తీసుకుని, నీరాకి, తాటిబెల్లానికి మంచి చోటివ్వండి. కల్లు వద్దు, పండగ పూట పిల్లలున్న చోట నేనూ వద్దంటాను. ఆయన్ని వేదిక మీద కూర్చోబెట్టి తన పని గురించి చెప్పమనండి. చెట్టు మీంచి పడి నడుం విరిగిన వాళ్లు మన పల్లెల్లో ఉన్నారు, వాళ్ల కొడుకులు మేం ఇంక చెట్టెక్కం అంటున్నారు. సంక్షేమ నిధిలోంచి నడుముకి కట్టుకునే మంచి బెల్టులు, ప్రమాద బీమా ఇప్పించండి. హోటల్ విందుకి పెట్టే ఖర్చులో కోత పెడితే డబ్బు సరిపోతుంది.

ఈ పత్రిక చదివే వాళ్లకి ఇంకో మాట. బరంపురం నుంచి జయపురం దాకా మీ ఊళ్లో ఇంకా చెట్టెక్కే వాళ్లుంటే, వాళ్లు ఒప్పుకుంటేనే, పేరూ ఊరూ రాసి సంఘానికి పంపండి. సర్వసభ్య సమావేశానికి ముందే పంపండి, ఆ జాబితా నేనే లేచి చదువుతాను.