ఎర్తు పట్టని మీటర్లు

పూర్తిగా చెడిపోయిన మీటరుతో ఎవరికీ పేచీ లేదు. దాన్ని నమ్మేవారు ఉండరు కనుక అది ఎవరినీ మోసగించలేదు. పొద్దున పనిచేసి, మధ్యాహ్నం మొరాయించి, మెకానిక్కు ముందు మాత్రం బుద్ధిగా నిలబడే మీటరుతోనే చిక్కంతా. అప్పుడప్పుడు మాత్రమే అబద్ధమాడే బంధువు లాగా, అది ఏ పూట నిజం చెబుతున్నదో తేల్చుకోవడం ఎవరి తరమూ కాదు. విజయవాడలో మా బాబాయిగారి పాత కారులో పెట్రోలు మీటరూ టెంపరేచరు మీటరూ కూడబలుక్కుని ఈ ధోరణి మొదలుపెట్టాక, ఆ ఇంటివారి ప్రయాణాలకు వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకోవడం కన్నా ముళ్ల వాలకం చూసుకోవడమే ముఖ్యమైపోయింది. కారు కార్బ్యురేటరు కాలం నాటిది. కంపెనీ పేరు అనవసరం. ఆ వయసుకు ఏ కంపెనీ కారైనా ఇంతే.

మొదటి దెబ్బ గుడివాడలో బంధువుల గృహప్రవేశం నాడు తగిలింది. బయలుదేరినప్పుడు సగం ట్యాంకు చూపించిన ముల్లు, కంకిపాడు దాటాక ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయిన తరువాత కూడా పావు దగ్గర నిబ్బరంగా నిలబడి ఉంది. పావు ట్యాంకు పెట్రోలు ఉండగా ఆగిన బండికి పెట్రోలు లేకపోవడం కారణం కాజాలదని తర్కించిన బాబాయి, పట్టుపంచె ఎగదోపుకుని డిస్ట్రిబ్యూటరు మూత తీసి, పాయింట్లు గీకి, ప్లగ్గులు తుడిచి, చివరకు కార్బ్యురేటరు గొట్టంలోకి నోటితో ఊది చూశారు. ఎవరో కుర్రవాడు మోటారు సైకిలు మీద వెళ్లి సీసాలో లీటరు పెట్రోలు తెచ్చి పోస్తే బండి వెంటనే కదిలింది. పాలు పొంగించే వేళకు చేరవలసినవారు పప్పు వడ్డించే వేళకు చేరారు. ఆ రోజు నుంచి పిన్ని మీటరు చూడటం మానేసింది. ఎక్కడికైనా బయలుదేరే ముందు కారు వెనుక భాగాన్ని చేతులతో ఊపి, చెవి పెట్టి, ట్యాంకులో చప్పుడు విని, వెళ్లవచ్చో లేదో ఆమే నిర్ణయించేది. నా లెక్కలో ఆ కారులో కచ్చితంగా పనిచేసిన మీటరు అదొక్కటే.

రెండవ ముల్లుకు చీకటి పడితేనే ధైర్యం వచ్చేది. హెడ్‌లైట్లు వేసిన కాసేపటికి అది మెల్లగా లేచి ప్రమాదపు గీతను తాకేది. బాబాయి వెంటనే బండిని రోడ్డు పక్కన ఆపి, బానెట్ ఎత్తి, ఇంజను చల్లారేదాకా అందరినీ కాలువ గట్టు మీద దోమలకు అప్పగించేవారు. అంతసేపు ఆగి తడిగుడ్డతో రేడియేటరు మూత తిప్పితే బుస్సుమన్న చప్పుడూ లేదు, ఆవిరీ లేదు. నీళ్లు అంగుళం కూడా తగ్గలేదు. అయినా ముల్లు చెప్పిన మాట కాదనడానికి ఆయనకు మనసొప్పేది కాదు.

ఇక వైద్యుల సంగతి. పెట్రోలు ముల్లును చూసినవారు ట్యాంకులో ఫ్లోటు మార్చారు. టెంపరేచరు ముల్లును చూసినవారు ఇంజను వేడిని మీటరుకు చేరవేసే సెండరు మార్చి, అది చాలక థర్మోస్టాట్ కూడా మార్చారు. రెండు ముళ్లనూ ఒకేసారి చూసినవారు లేరు. పైగా గుంతల దారిలో ఎగిరెగిరి ఆటోనగర్ చేరేసరికి ముళ్లు రెండూ సరైన చోటికి వచ్చి కూర్చునేవి. "బాగానే ఉంది కదండీ" అని మెకానిక్కు మన వంక జాలిగా చూసేవాడు. గుంతలు చేసే మేలును చేయి కూడా చేయగలదని బాబాయి కనిపెట్టారు. డ్యాష్‌బోర్డు మీద ఎడమ పక్కన ఒక దెబ్బ వేస్తే ముళ్లు కిందికి దిగుతాయి. ముందు సీటులో కూర్చున్నవారికి ఆ దెబ్బ వేసే బాధ్యత సంక్రమించింది. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడు మర్యాదగా మునివేళ్లతో తట్టబోతే, "అల్లుడుగారూ, మొహమాటపడకండి, కొంచెం గట్టిగా" అని బాబాయి ప్రోత్సహించారు.

చివరకు ఆటోనగర్‌లోనే ఒక పెద్దాయన, బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంపు తప్ప వేరే ఆడంబరం లేని ఆటో ఎలక్ట్రీషియన్, ఏమీ విప్పకుండా అడగడం మొదలుపెట్టాడు. ముళ్లు విడివిడిగా లేస్తాయా, కలిసి లేస్తాయా? కలిసే. స్పీడోమీటరు ఎప్పుడైనా తప్పిందా? లేదు, అది గేరుబాక్సు నుంచి వచ్చే కేబులుతో తిరుగుతుంది కనుక దానికి కరెంటుతో పనే లేదు. ఇండికేటరు వేస్తే మీటరు దీపాలు కూడా దానితో పాటు మినుకుమంటాయా? మినుకుమంటాయి, అది కారు చూపించే ముచ్చట అని పిల్లలు అనుకునేవారు. "అయితే ముళ్ల తప్పు లేదు బాబూ, ఎర్తు పట్టడం లేదు" అన్నాడాయన.

సంగతి ఇది. ఎర్తు అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరే దారి. బ్యాటరీ 12 వోల్టులదే అయినా ఇంజను తిరుగుతుండగా కరెంటు 14 వోల్టుల దాకా పోతుంది. అది అలా పెరిగి తరిగితే ముళ్లు నిలకడగా చూపలేవు. అందుకని మీటరు బోర్డు వెనుక స్టెబిలైజరు అనే చిన్న డబ్బీ ఉంటుంది. అందులోని రెండు లోహాల రేకు వేడెక్కి వంగి కరెంటును తెంపుతూ, చల్లారి మళ్లీ కలుపుతూ, రెండు మీటర్లకూ సగటున 10 వోల్టులే అందేలా చూస్తుంది. ఆ రేకు వేడెక్కాలంటే డబ్బీకి ఎర్తు ఉండాలి. ఎర్తు పోతే రేకు వంగదు, కరెంటు తెగదు, బ్యాటరీ వోల్టులన్నీ నేరుగా ముళ్ల మీద పడతాయి. లేని పెట్రోలు, రాని వేడి రెండూ ఒకేసారి పుడతాయి. పైగా దీపాలదీ అదే ఎర్తు కావడంతో రాత్రిపూట జబ్బు ముదిరేది. పెద్దాయన బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక వైరు లాగి డబ్బీకి ఆనించగానే మీటరు దీపాలు ప్రకాశవంతమయ్యాయి, ముళ్లు రెండూ మెల్లగా కిందికి దిగసాగాయి.

ఎర్తు ఎందుకు పోయిందో వెతికితే, కూతురి పెళ్లికి ముందు కారుకు కొత్త రంగు వేయించిన విషయం బయటపడింది. మీటరు బోర్డు విప్పి లోపలి బాడీ రేకు మీద కూడా శ్రద్ధగా రంగు కొట్టిన పెయింటరు, ఎర్తు వైరును ఆ రంగు మీదనే బిగించాడు. రంగు గీకి రేకు తేల్చాలని పెద్దాయన ఉప్పుకాగితం తీయగానే, ఆ రంగు మీద పిల్లల గోరు కూడా పడనివ్వని బాబాయి, "బయటికి కనబడకుండా గీకవయ్యా" అని మీటరు బోర్డు వెనుక చీకట్లోకి తల దూర్చి మరీ పర్యవేక్షించారు.

మర బిగిసింది. తాళం తిప్పారు. వచ్చేటప్పుడు సగానికి పైన ఉన్న పెట్రోలు ముల్లు ఈసారి పావు కన్నా కిందనే ఆగింది. బాబాయి ముఖం మారిపోయింది. "మేం వచ్చినప్పుడు సగం ట్యాంకు ఉంది. ఇంతసేపట్లో ఎవరు తీశారయ్యా?" అని గట్టిగానే అడిగారు. పెద్దాయన జవాబు చెప్పేలోగా పిన్ని వెనక్కి వెళ్లి, కారును రెండుసార్లు ఊపి, చెవి పెట్టి విని, "మీటరు బాగుపడిందండీ, ముందు బంకుకు పదండి" అంది.