పాత స్కోప్ చేతికొస్తే ముందు ఆ చిప్ కాపీ తీయండి

టెక్ట్రానిక్స్ 2465బీ ఆసిలోస్కోప్ (సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపించి కొలిచే పరికరం, పొట్టిగా స్కోప్) దొరకగానే మూత విప్పి కెపాసిటర్లన్నీ పీకేస్తున్నవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కెపాసిటర్లు మార్చాల్సిందే, కాదనను. కానీ దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

ఈ 400 మెగాహెర్ట్జ్ అనలాగ్ స్కోప్‌లో ఏ5 అనే కంట్రోల్ బోర్డు ఉంటుంది. మనం తిప్పే నాబ్‌లను చదివి, మిగతా సర్క్యూట్లకు కంట్రోల్ వోల్టేజీలు పంపేది అదే. తర్వాతి రోజుల్లో తయారైన సెట్లలో దాని మీద డల్లాస్ డీఎస్1225 అనే మెమరీ చిప్ పెట్టారు. కొలత సరిగ్గా రావడానికి ఫ్యాక్టరీలో సరిచేసి పెట్టిన క్యాలిబ్రేషన్ విలువలన్నీ అందులోనే ఉంటాయి. లిథియం బ్యాటరీ కూడా చిప్ లోపలే, సీల్ చేసి! డేటాషీట్ హామీ ఇచ్చింది 10 ఏళ్లకు. ఈ సెట్ల వయసు ఇప్పుడు సుమారు 30 ఏళ్లు. బ్యాటరీ పోయిన రోజు తెర మీద టెస్ట్ 04 ఫెయిల్ అని వస్తుంది. సిగ్నల్ గీత కనిపిస్తూనే ఉంటుంది కానీ కొలతను నమ్మలేం. మళ్లీ క్యాలిబ్రేట్ చేయడానికి కావాల్సిన పరికరాలు ఇంట్లో రిపేర్లు చేసుకునేవాళ్ల దగ్గర ఎక్కడుంటాయి?

అందుకే, స్కోప్ ఇంకా పనిచేస్తుండగానే డయాగ్నొస్టిక్స్ అనే స్వీయ పరీక్షల మెనూలో ఎక్సర్ 02 తెరవండి. ఆ విలువలు తెర మీదే కనిపిస్తాయి, ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. తర్వాత చిప్‌ను జాగ్రత్తగా విప్పి, చిప్ ప్రోగ్రామర్ అనే పరికరంలో చదివి, ఫైల్ రెండు చోట్ల దాచండి. దాని స్థానంలో బ్యాటరీ లేకుండానే డేటా నిలుపుకునే ఎఫ్ఎం16డబ్ల్యూ08 ఎఫ్‌రామ్ మెమరీ చిప్‌ను చిన్న అడాప్టర్ మీద వేస్తే ఇక బ్యాటరీ గొడవే ఉండదు.

ఇక కెపాసిటర్లు. అదే బోర్డు మీదున్న సర్ఫేస్ మౌంట్ (బోర్డు పైనే అతికించే) ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కారి, కింది రాగి గీతలను తినేస్తాయి. కొత్తవి వేసి వదిలేస్తే లాభం లేదు. కారిన ద్రవాన్ని పూర్తిగా కడగాలి, తెగిన గీతలను మీటర్‌తో వెతికి సన్న తీగతో కలపాలి. పవర్ సప్లైలో ఉండే పాత రిఫా బ్రాండ్ కాగితపు కెపాసిటర్లు పగిలి పొగలు కక్కుతాయి, వాటినీ మార్చండి. అక్కడ ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా తొందరపడొద్దు.

ఇదంతా ఇంట్లో కూర్చుని చేయగలుగుతున్నామంటే కారణం ఒక్కటే. పూర్తి సర్క్యూట్ బొమ్మలు, పనిచేసే తీరు, లోపాలు వెతికే దారి, అన్నీ ఆ కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో అచ్చేసి ఇచ్చింది. బ్యాటరీని చిప్‌లో దాచిన నిర్ణయం నాకు నచ్చలేదు, కానీ ఆ మాన్యువల్ రాసినవాళ్లకు దండం పెడతాను. ఇప్పుడు కొత్త స్కోప్ కొంటే చాలావరకు చేతికొచ్చేది యూజర్ మాన్యువలే.

2022 జూలైలో కేంద్రం రిపేర్ హక్కుపై కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాల మీద ముందుగా దృష్టి పెడతామంది. కొలత పరికరాలను కూడా ఆ జాబితాలో చేర్చాలి. సర్క్యూట్ బొమ్మ, క్యాలిబ్రేషన్ డేటా కాపీ తీసుకునే వీలు, ఈ రెండూ పరికరం కొన్నవాళ్లకు హక్కుగా దక్కాలి.