రక్తంలో తిరిగే ప్రోటీన్ ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ గారికి, గుంటూరు బ్రాడీపేట నుంచి

అయ్యా,

రిపోర్టు మధ్యాహ్నం రెండింటికి ఇస్తామని సాయంత్రం ఆరున్నరకి ఇచ్చారు. ఆ నాలుగున్నర గంటలూ ప్లాస్టిక్ కుర్చీలో నాన్న దగ్గుతూ, నేను తిరగని ఫ్యాన్ వంక చూస్తూ... సరే, ల్యాబు వాళ్లకి వేరే ఉత్తరం రాస్తాను. తీరా చూస్తే అందులో ఏముంది? మీరు నార్మలంట! రక్తంలో ఎంత ఉండాలో అంత ఉన్నారట.

మరి మా నాన్న మూడు మెట్లెక్కి నాలుగో మెట్టు మీద కూలబడుతున్నాడేమిటండీ?

మీ పేరు జోలికి నేను పోను. బోర్డు మీద ట్రిప్సిన్, అసలు యాపారం ఎలాస్టేజ్ అనే ఇంకో ఎంజైమ్‌తో. పుట్టేది కాలేయంలో, డ్యూటీ ఊపిరితిత్తుల్లో. పోనీండి. తెల్లకణాలు క్రిముల మీదికి వదిలే ఆ ఎలాస్టేజ్, పనిలో పనిగా ఊపిరితిత్తుల్ని సాగనిచ్చే ఎలాస్టిన్‌ని కొరికెయ్యకుండా చూడటమే కదా తమరి ఉద్యోగం! మీరు తక్కువైతే ఏమవుతుందో 1963లోనే స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అనే పరిశోధకులు చెప్పారు. ఆ రోజుల్లోనే ఎలుకల ఊపిరితిత్తుల్లోకి పపైన్ ఎక్కించి చూశారు. పపైన్ అంటే ఇంకేం కాదు, ఆదివారం అమ్మ ముదురు మటన్‌కి పట్టించే పచ్చి బొప్పాయి పాలలో ఉండేదే. ఇక్కడ ముక్క మెత్తబడినట్టే అక్కడ గాలి గదుల గోడలు కరిగి, గదులన్నీ కలిసిపోయి ఎంఫసీమా అనే జబ్బు వచ్చింది. తర్వాత హ్యామ్‌స్టర్లనే ఎలుకల్లాంటి జీవాల వంతు, పంది క్లోమంలోంచి తీసిన ఎలాస్టేజ్‌తో. ఎలాస్టేజ్‌ని అడ్డుకునే నిరోధకం ముందే ఇచ్చిన హ్యామ్‌స్టర్లకి నష్టం తగ్గింది. హ్యామ్‌స్టర్‌కి ఉన్న యోగం మా నాన్నకి లేకపోయిందా?

అంతా మీ గొలుసులో ఆ 358వ నంబరు అమైనో ఆమ్లం, మెథియోనిన్ దగ్గరే వచ్చింది. అది మీ ఎర. ఎలాస్టేజ్ దాన్ని కొరగ్గానే మీరు ఎలకల బోనులా టప్పున పడి, దాన్ని పట్టుకుని మీరూ పోతారు. ఒక్కో ఎలాస్టేజ్‌కి మీలో ఒకరి ప్రాణం. అది చదివినప్పుడు నిజంగానే దణ్ణం పెట్టాలనిపించింది. కానీ 394 అమైనో ఆమ్లాలు పెట్టుకుని, ఎరకి మాత్రం పొగ తగలగానే ఆక్సీకరణమై పాడయ్యేదే దొరికిందా? పొగాకు బోర్డు ఆఫీసున్న ఊరండీ ఇది! చుట్ట పొగ తగిలితే ఎర పాడు, ఇక బోను పడదు. కుర్చీకి కండువా తగిలించి టీకి పోయిన గుమస్తాకీ మీకూ తేడా ఏంటి? ల్యాబు వాళ్లు రక్తంలో తలలు లెక్కపెట్టారు, ఊపిరితిత్తుల్లో ఎవరు పనిచేస్తున్నారో వాళ్లకేం తెలుసు!

అసలు మిమ్మల్ని అని ఏం లాభం? నలభై ఏళ్లు, రోజుకి ఆరు చుట్టలు. ఆ మనిషి కోసం మీరు మాత్రం ఎంతమందని చస్తారు?

రిపోర్టు చూసి ఆయన ఏమన్నాడో తెలుసా? "చూశావట్రా, నార్మలంట! నువ్వూ నీ గోలా." అని ఎదురుగా ఉన్న బడ్డీకొట్టు వైపు నడిచాడు, అక్కడికి మాత్రం ఆయాసం లేకుండా.

ఇప్పుడు వరండాలోంచి వాసన వస్తోంది. ఉంటాను, వెళ్లి అగ్గిపెట్టె లాక్కోవాలి.