ఆ తలగుడ్డ వెనుక ఒక ఆజ్ఞ ఉంది

అమెరికా నల్లజాతి స్త్రీల తలగుడ్డలను ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసంలో ఫ్యాషన్‌గా మాత్రమే చూపారు. వాటి వెనుక పెద్ద కథే ఉందండీ. 1786లో, ఇప్పుడు అమెరికాలో ఉన్న లూసియానా స్పెయిన్ చేతిలో ఉండేది. బానిసలు కాని నల్లజాతి స్త్రీల దర్జా అక్కడి తెల్లవాళ్లకు కంటగింపయింది. జుట్టుకు ఈకలు, నగలు పెట్టకూడదు, తలకు గుడ్డ కట్టాల్సిందేనని అక్కడి గవర్నర్ ఎస్టెబాన్ మీరో ఆజ్ఞ వేశాడు. వాళ్లు కట్టారు, కానీ ఎలా కట్టారు! మంచి మంచి రంగుల గుడ్డలు తెచ్చి, ఎత్తుగా చుట్టి, రాణుల్లా నడిచారు. మన తీరం నుంచి ఓడలెక్కిన మద్రాసు గళ్ల గుడ్డ కూడా వాటిలో ఉండేది. అది తెలిశాక మన చీరాల మగ్గాలే గుర్తొచ్చాయి నాకు. జడల్ని, సహజమైన జుట్టును చూసి ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా చట్టం చేసింది 2019లో! అమెరికాలో అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. ఆ ఆజ్ఞ తర్వాత ఇంతకాలం పట్టిందని తలుచుకుంటే కడుపు మండుతుంది.