అన్నీ ఉన్నాయి, అల్లుడికి ఫ్రీ త్రో రాదు

తెలుగు భాషలో అత్యంత ప్రమాదకరమైన మాట ఏదని నన్నడిగితే, తడుముకోకుండా 'తప్ప' అంటాను. చూడ్డానికి రెండక్షరాలు. కొమ్ము తగిలిస్తే 'తప్పు' అయిపోతుంది. ఆ కొమ్ము ఎప్పుడు మొలుస్తుందో ఎవరికీ తెలీదు.

డల్లాస్‌లో ఉండే మా బావమరిది ఏటా మార్చి రాగానే వాట్సాప్‌లో నాకొక చార్టు పంపుతాడు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటు. 68 జట్లు, ఒక్కటి ఓడితే ఇంటికే. వాళ్ల ఆఫీసులో తలా పది డాలర్లు వేసుకుని, ఎవరు ఎవర్ని ఓడిస్తారో ముందే రాసిపెట్టుకుంటారట. చార్టు కింద ప్రతి ఏడూ ఒకటే వాక్యం. "బావా, ఈసారి కప్పు వీళ్లదే. అన్నీ సూపర్, ఒక్క ఫ్రీ త్రోలు తప్ప."

జట్టు పేరు మారుతుంది. వాక్యం మారదు. ఈసారి ఊరుకోదలచుకోలేదు.

ముందుగా ఫ్రీ త్రో అంటే ఏమిటో విన్నవించుకుంటాను. అవతలివాడు మన ఆటగాణ్ణి తోసినందుకు, కొట్టినందుకు అంపైర్లు చెల్లించే నష్టపరిహారం అది. గడియారం ఆపేస్తారు. బోర్డుకు 15 అడుగుల దూరంలో గీత. ఎవరూ అడ్డు రాకూడదు, ఎవరూ ముట్టుకోకూడదు. ఊపిరి పీల్చుకుని, బంతిని నాలుగుసార్లు నేలకు కొట్టుకుని, ఇష్టదైవాన్ని తలుచుకుని రింగులో వేసుకోవచ్చు. మన జాతరలో బెలూన్లు కాల్చే ఆట ఇంతకంటే కష్టం. అక్కడ తుపాకీ గొట్టం వంకరగా ఉంటుంది.

ఇంత మర్యాదగా పళ్లెంలో పెట్టి ఇచ్చినదాన్ని నూటికి 61 సార్లు మాత్రమే తీసుకున్న జట్టొకటి ఉండేది. 2007–08 సీజన్లో మెంఫిస్ యూనివర్సిటీ. దేశం మొత్తం మీద కాలేజీ జట్ల సగటు 1960ల నుంచీ 69 దగ్గరే ఉంది. అంటే ఆ దేశం చంద్రుడి మీద కాలు పెట్టి వచ్చింది, కంప్యూటరును జేబులోకి తెచ్చింది, ఫ్రీ త్రో మాత్రం తాతలు వేసినట్టే వేస్తోంది. మెంఫిస్ ఆ తాతల కంటే కూడా ఎనిమిది మెట్లు కింద నిలబడింది.

మిగతావన్నీ? ఆహా! డెరిక్ రోజ్ అనే 19 ఏళ్ల కుర్రాడు బంతి పట్టుకుని దూసుకెళ్తుంటే డిఫెన్స్ మొత్తం కిటికీ కర్టెన్‌లా పక్కకి జరిగేది. మరోవైపు క్రిస్ డగ్లస్-రాబర్ట్స్. రింగు కింద జోయీ డోర్సీ, రాబర్ట్ డోజియర్. రీబౌండ్లు, బ్లాకులు, డిఫెన్స్ దేనికీ లోటు లేదు. సీజన్ మొదలుపెట్టి వరసగా 26 గెలిచారు.

ఇలాంటి జట్టును చూస్తే నాకు పెళ్లిచూపులు గుర్తొస్తాయి. దయచేసి నాతో పాటు వచ్చి చాప మీద కూర్చోండి.

పెళ్లిళ్ల పేరయ్య గొంతు సవరించుకున్నాడు. "కుర్రాడిది టెన్నెసీ రాష్ట్రం, మెంఫిస్ నగరం. మిసిసిపీ నది ఒడ్డున నివాసం. ఒడ్డూ పొడుగూ చూశారుగా, గుమ్మంలో వంగి రావాల్సి వచ్చింది. దేశంలో నంబర్ వన్ ర్యాంకు."

"ఓడిపోవడాలూ అవీ?" అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

"ఒక్కటే. ఫిబ్రవరిలో, 66–62. అదీ సొంత రాష్ట్రం వాళ్లే, టెన్నెసీ యూనివర్సిటీ. దాయాదులు కదండీ, కళ్లల్లో నిప్పులు పోసుకున్నారు."

అందరూ తలలూపారు. కాఫీలు వచ్చాయి. గోడవారగా కూర్చున్న బామ్మ కళ్లజోడు సర్దుకుంది. "ఆ కాగితంలో చివరి లైను చదవలేదేం నాయనా?"

పేరయ్య కాగితం మడిచాడు. "అబ్బే, అది పెద్ద విషయం కాదమ్మా. ఫ్రీ త్రోలు ఒక్కటీ తప్ప..."

"ఫ్రీ అంటే?"

"ఊరికే ఇచ్చేవి."

"ఊరికే ఇచ్చింది కూడా పుచ్చుకోవడం చేతకాని అల్లుడా?" బామ్మ నోరు వెళ్లబెట్టింది. "మా కాలం నుంచీ ఈ ఇంటికొచ్చిన అల్లుళ్లలో ఆ ఒక్క లోపం ఉన్నవాణ్ణి చూళ్లేదే!"

"అవసరమైనప్పుడు వేస్తాడమ్మా. ఇప్పుడు అవసరం పడ్డం లేదు. ఇరవై పాయింట్ల తేడాతో గెలిచేవాడికి ఫ్రీ త్రోలు దేనికి?"

"నూటికి ఎన్ని?"

"అరవై ఒకటి."

బామ్మ వేళ్ల మీద లెక్కేసింది. "మూడు ముళ్లు వెయ్యమంటే ఒకటి పూర్తిగానూ, రెండోది ముప్పాతిక వంతుకు పైగానూ వేస్తాడన్నమాట. గట్టిమేళం మోగుతుంటే, అక్షింతలు పడుతుంటే, పురోహితుడు గడియారం చూసుకుంటుంటే, మూడో ముడి రింగుకు తగిలి బయటికి పోతే నా మనవరాలి గతేమిటి?"

"పెళ్లిరోజున తప్పకుండా వేస్తాడమ్మా," అన్నాడు పేరయ్య.

బామ్మను లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టారు. సంబంధం ఖాయమైంది.

నవ్వుకున్నారా? ఆ పేరయ్య మాటకూ, ఆ ఏడాది మెంఫిస్ కోచ్ జాన్ కాలిపారి గారు సీజన్ పొడవునా కనబరిచిన ధోరణికీ తేడా ఎక్కడుందో చెప్పండి. ఫ్రీ త్రోల గురించి అడిగినప్పుడల్లా ఆయనకు బెంగ లేదు, కావలసినప్పుడు కుర్రాళ్లు వేస్తారు. కావలసినప్పుడు చదువుతాళ్లే అని ఇంటర్ పిల్లాడి గురించి అనుకునే తండ్రిని చూశాంగానీ, ఏడాదికి లక్షల డాలర్లు పుచ్చుకుని అనుకునే తండ్రిని అప్పుడే చూశాం.

పైగా దేవుడు ఇలాంటి వాళ్లతో ఆడుకుంటాడు. టోర్నమెంటు వచ్చింది. టెక్సస్ మీద 36కి 30 వేశారు. సెమీఫైనల్లో యూసీఎల్‌ఏ మీద 23కి 20. అంటే రెండు మ్యాచుల్లో 59కి 50. అప్పుడు ఎంఎస్ చదువుతున్న మా బావమరిది అర్ధరాత్రి ఫోన్ చేశాడు. "చూశావా బావా, జబ్బు కుదిరిపోయింది!"

వరసగా రెండు రోజులు వానపడితే అనంతపురంలో ఎవరైనా పడవ కొంటారా? ఏడాదంతా వేసినవి వందల సంఖ్యలో ఉంటే, వాటిని పక్కనపెట్టి 59ని నమ్మారు. గణాంకం అంటే వీళ్ల దృష్టిలో మనకు నచ్చిన రోజున చూసుకునే రాశిఫలం.

ఏప్రిల్ 7, 2008. శాన్ ఆంటోనియో, అలమోడోమ్. ఫైనల్లో ఎదుట కాన్సస్. ఇంకా 2 నిమిషాల 12 సెకన్లు ఉంది. మెంఫిస్ 60, కాన్సస్ 51. తొమ్మిది పాయింట్లు. గట్టిమేళం వాళ్లు సన్నాయి పైకెత్తారు.

అప్పుడు కాన్సస్ వాళ్లు చేసిన పనిలో మాయా మర్మం ఏమీ లేదు. వాళ్లకు పేరయ్య కాగితంలో చివరి లైను చదవడం వచ్చు, అంతే. చక్కగా స్కోరు చేసుకుంటూ, మధ్యలో ఫౌల్ చేసి, బాబూ వచ్చి ఊరికే ఇచ్చేది తీసుకో అని గీత మీద నిలబెట్టారు. మొదట రెండు పడ్డాయి కూడా. ఆ తర్వాత, నిమిషంపావు మిగిలి ఉండగా, డగ్లస్-రాబర్ట్స్ 'వన్ అండ్ వన్'కి వచ్చాడు. అంటే మొదటిది వేస్తేనే రెండోది ఇస్తారు. మొదటిది పడలేదు. 16 సెకన్లు ఉండగా మళ్లీ అతనే, ఈసారి రెండు. మొదటిది తగిలి బయటికి. రెండోది కూడా. బంతి మళ్లీ మెంఫిస్ చేతికే వచ్చింది చూశారూ, అదృష్టం కూడా ఎంత ఓపిక పట్టిందో! రోజ్‌ను ఫౌల్ చేశారు. మొదటిది పోయింది, రెండోది పడింది. 63–60. చివరి 75 సెకన్లలో అయిదింట్లో నాలుగు గాల్లో కలిసిపోయాయి. ఇంకా 2.1 సెకన్లు ఉందనగా మారియో చాల్మర్స్ అనే కుర్రాడు మూడు పాయింట్ల గీత బయటి నుంచి ఒకటి వేశాడు. 63–63. ఓవర్‌టైమ్. కాన్సస్ 75, మెంఫిస్ 68.

ఇప్పుడు అసలు ముచ్చట. ఆ రాత్రి మెంఫిస్ ఫ్రీ త్రోలు 19కి 12. శాతం కట్టండి. 63. ఏడాది సగటు కంటే రెండు ఎక్కువే! వాళ్లు ఒత్తిడికి కుప్పకూలారనీ, గుండె జారిపోయిందనీ పేపర్లు శోకాలు పెట్టాయి. ఏం కుప్పకూలలేదు. రోజూ ఎలా వేస్తారో, దానికి కాస్త పైగానే వేశారు. అంకెలు అయిదు నెలలుగా చెబుతున్నదే ఆ రాత్రి జరిగింది. అవతల కాన్సస్ 15కి 14 వేసింది.

దీనికి మందు లేదా అంటే ఉంది. రిక్ బారీ అనే పెద్దమనిషి బంతిని రెండు చేతులతో మోకాళ్ల దగ్గర నుంచి పైకి విసిరి, కెరీర్ మొత్తం నూటికి తొంభై దాకా వేశాడు. 1962లో విల్ట్ చాంబర్లేన్ ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు చేసిన రాత్రి అలాగే వేసి 32కి 28 కొట్టాడు. తర్వాత మానేశాడు. చూడ్డానికి బాగోదని మానేసి తప్పు చేశానని తనే ఒప్పుకున్నాడు కూడా. ఆ షాట్‌ను అమెరికాలో ఏమంటారో తెలుసా? బామ్మ షాట్! లోపల పడుకోబెట్టిన ఆవిణ్ణి ఒకసారి లేపి అడిగి ఉంటే సరిపోయేది.

కోచ్ గారు నేర్చుకున్నారా అంటారా? ఏడాది తర్వాత కెంటకీ ఆయన్ను ఎనిమిదేళ్లకు 3 కోట్ల 16 లక్షల 50 వేల డాలర్లకు తీసుకెళ్లింది. 2011 సెమీఫైనల్లో ఆ కెంటకీ 56–55తో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. ఆ రోజు ఫ్రీ త్రోలు 12కి 4. నేనిక్కడ వ్యాఖ్యానం రాయను, చెయ్యి నొప్పి. 2012లో కప్పు కొట్టారు, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, బాగుంది.

ఇక్కడిదాకా వెటకారం. ఇకపైన నా వల్ల కాదు.

2009లో ఈ కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ ఒక తీర్పిచ్చింది. ఆ మెంఫిస్ జట్టులో ఒక ఆటగాడి ప్రవేశ పరీక్ష మార్కులు చెల్లవు కాబట్టి ఆ సీజన్లోని 38 గెలుపులూ రద్దు. అప్పటిదాకా ఏ కాలేజీ జట్టూ ఒక సీజన్లో 38 గెలవలేదు. ఆ రికార్డు పోయింది. ఫైనల్‌కు వెళ్లిందీ పోయింది. 1996లో ఇదే కోచ్ గారి మసాచుసెట్స్ జట్టుదీ అంతే, అక్కడా ఫైనల్ ఫోర్ (అంటే సెమీఫైనల్ దాకా వెళ్లింది) రద్దే. రెండు కాలేజీల్లో రెండు రద్దులు, కెంటకీతో ఆయన ఒప్పందం మాత్రం రద్దవ్వలేదు. ఆ టోర్నమెంటును టీవీలో చూపించడానికి సీబీఎస్ 11 ఏళ్లకు 600 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. అదీ రద్దవ్వలేదు. వేలమంది టికెట్లు కొని చూసిన ఆటలు జరగలేదన్నారు, టికెట్ డబ్బులు ఎవరికీ తిరిగివ్వలేదు. ఆ ఆటలాడిన పిల్లలకు చదువు ఖర్చులు మినహా చట్టబద్ధంగా ఒక్క పైసా రాలేదు. తమ పేరు మీద తాము సంపాదించుకోవచ్చని వాళ్లకు అనుమతి దొరికింది 2021లో.

అన్నీ చెరిపేశారు కదా. ఆ నాలుగు మిస్సులు ఎందుకు చెరపలేదు? ప్రతి మార్చిలో టీవీ వాళ్లు చాల్మర్స్ షాట్ వేస్తారు, దానికి ముందు ఆ రెండు మొహాలు చూపిస్తారు. 19 ఏళ్లవాడు ఒకడు, 21 ఏళ్లవాడు ఒకడు. రింగు వైపు చూస్తూ. గెలిపించిన 38 సార్లు లెక్కలో లేవు, తప్పిన నాలుగు సార్లు ఉన్నాయి. వాళ్లు ఆ సీజన్ ఆడనే లేదని కాగితం మీద రాసి, ఆడి ఓడారని ఏటా తెర మీద చూపిస్తారు. సిగ్గుండాలి. ఏడాది పొడవునా గీత దగ్గర నిలబెట్టి రోజుకు రెండొందలు వేయించాల్సిన వాళ్లెవరు? అవసరమైనప్పుడు వేస్తారులే అని చేతులు దులుపుకున్నదెవరు? ఆ మనుషుల మొహాలు ఒక్క మార్చిలోనైనా స్లో మోషన్‌లో చూపించారా?

సరే. బీపీ మాత్ర వేసుకున్నాను.

ఇది రాస్తుండగానే బావమరిది మెసేజ్ మళ్లీ వచ్చింది. "బావా, నీ తరఫున కూడా పది డాలర్లు వేసేశా. ఇండియా వచ్చినప్పుడు ఇద్దువుగానిలే."