ఉచిత లాయర్ల కమిటీలో లాయర్లు ఉంటే తప్పేంటి?

నాలుగు రోజులుగా మన సిక్కోలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "కోర్టు ఇచ్చే ఉచిత లాయరు పీపీ (ముద్దాయికి వ్యతిరేకంగా వాదించే సర్కారు లాయరు) మనిషే, వాళ్ల పని చూసే కమిటీలోనూ లాయర్లే, దొంగ చేతికి తాళాలిచ్చినట్టు, రేషన్ కార్డు లేకపోతే అదీ ఇవ్వరు, అప్పు చేసైనా సొంత లాయర్ని పెట్టుకోండి" అని. ఇది నమ్మి టెక్కలిలోనో రాజాంలోనో ఎవరైనా ఉన్న అరెకరం తాకట్టు పెడితే? ఈ కోర్టుల్లోనే ప్రాక్టీసు చేస్తున్నవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

పీపీ మనిషి అన్నది అబద్ధం. పీపీని పెట్టేది ప్రభుత్వం. ఉచిత లాయర్ని ఇచ్చేది జిల్లా న్యాయసేవాధికార సంస్థ, దానికి చైర్మన్ జిల్లా జడ్జి. 2022లో నాల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) తెచ్చిన డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతిలో, అంటే ముద్దాయిల తరఫున వాదించడానికే పెట్టుకునే పద్ధతిలో, చేరిన లాయర్లు బయట ప్రైవేటు కేసులు పట్టకూడదు, చీఫ్‌గా ఉండాలంటే క్రిమినల్ కేసుల్లో కనీసం 10 ఏళ్ల అనుభవం కావాలి.

ఇక కమిటీ. అది 2010 నాల్సా నిబంధనల ప్రకారం వేసేది, అందులో లాయర్లే కాదు, జడ్జి కూడా ఉంటారు. లాయరు ఎందుకంటారా? సాక్షి పోలీసులకు ఒకటి చెప్పి కోర్టులో ఇంకోటి చెప్పినా ముద్దాయి లాయరు లేచి అడగకుండా "క్రాస్ నిల్", అంటే అడిగేదేమీ లేదు, అని వదిలేస్తే, నేరాన్ని బట్టి 60 రోజులో 90 రోజులో దాటినా చార్జిషీటు రాకపోతే హక్కుగా వచ్చే బెయిలుకి పిటిషన్ వేయకపోతే, ఆ కాగితాలు చూసి ఇక్కడ తప్పు జరిగిందని వెంటనే పట్టుకోగలిగేది లాయరు పని చేసినవాడే. నిజమే, రోజూ ఒకే బార్‌లో కూర్చుని ఒకే బడ్డీలో టీ తాగేవాళ్లు ఒకరినొకరు తప్పుపట్టడం కష్టం, ఆ మెసేజ్‌లో నాకు నిజమనిపించిన భయం అదొక్కటే. దానికి మందు లాయర్లని తీసేయడం కాదు. పలాస కేసుల్ని బొబ్బిలి లాయరు చూడాలి, జైల్లో ఉన్న మనిషిని కూడా అడగాలి, సీతంపేట వైపు నుంచి వచ్చినవాళ్లయితే సవర మాటలో అడగాలి. ఇది నేను గట్టిగా కోరుతున్నాను.

మొక్కుబడి లాయర్ని చట్టం కూడా ఒప్పుకోదు. 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్షను పక్కనపెట్టి మళ్లీ విచారించమంది, ఎందుకంటే ఉచిత లాయర్ని పెట్టిన రోజే చార్జీలు ఫ్రేమ్ చేశారు (ఏ నేరాల మీద విచారించాలో ఖరారు చేశారు), కేసు చదువుకునే టైమే ఇవ్వలేదు. ఉరి, యావజ్జీవం పడే కేసుల్లో సిద్ధం కావడానికి కనీసం 7 రోజులు ఇవ్వాలని అప్పుడే చెప్పింది.

రేషన్ కార్డు మాటా తప్పే. కస్టడీలో ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేదు. రిమాండ్‌కి తీసుకెళ్లిన మొదటి రోజే మేజిస్ట్రేటుతో "నాకు లాయరు లేరండి" అని చెప్పండి, ఇంట్లోవాళ్లు 15100కి ఫోన్ చేయండి. ఆ లాయరు మిమ్మల్ని డబ్బు అడగకూడదు, అడిగితే న్యాయసేవాధికార సంస్థ సెక్రటరీకి కాగితం మీద రాసి ఇవ్వండి.