బావగారు పంపారంటే చదవకుండానే సంతకం

మా మేనత్త పదిహేడేళ్లు ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో డైరెక్టరు. అత్తింటివాళ్ల రైస్ మిల్లు అది. ఆ ఆఫీసు గడప ఆమె తొక్కింది రెండే సార్లు, రెండూ దసరా పూజకే.

కాగితాలే ఇంటికొచ్చేవి. గుమాస్తా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోటల్లా వేలితో చూపించేవాడు. అత్తయ్య చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఏడాది మొత్తం బోర్డు మీటింగుల హాజరు సంతకాలు నిలబడే పెట్టేసేది. చదవాలని ఆమెకు తోచలేదు. పంపింది ఆమె బావగారు, అంటే మామయ్యకు అన్నగారు. ఆయన ముందు కుర్చీలో కూర్చోవడానికే జంకే మనిషి, ఆయన పంపిన కాగితం మీద ప్రశ్న ఎలా వేస్తుంది?

ఆ కాగితాల్లోనే ఒకరోజు బ్యాంకు లోనుకు పర్సనల్ గ్యారంటీ పత్రం, అంటే కంపెనీ కట్టకపోతే నేను కడతానని సొంతంగా ఇచ్చే హామీ, కూడా వచ్చింది. మిల్లు కోసమన్న అప్పు బావగారి అబ్బాయి ప్లాట్ల వ్యాపారంలోకి వెళ్లింది. అరవై రోజుల్లో కట్టమని నోటీసు వచ్చాక, “ఇందులో నా పేరెందుకుందిరా?” అని అడిగింది నన్ను. నా దగ్గర జవాబు లేదు.

ఇది చదువులేని ఇళ్ల సమస్య అనుకోకండి. 2008 డిసెంబరు 16న సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ బోర్డు ఏం చేసిందో గుర్తుందా? ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను, మొత్తం 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు, మాజీ కేబినెట్ కార్యదర్శి ఉన్నారు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) డీన్ ఉన్నారు. సత్యంలో అప్పటికి ఆ కుటుంబం వాటా పది శాతం కూడా లేదు. వద్దని గొడవ చేసింది బయటి షేర్‌హోల్డర్లు. గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి పోయింది. మూడు వారాలకు, లేని 5,040 కోట్ల నగదును ఖాతాల్లో ఉన్నట్టు చూపామని రాజే లేఖ రాశారు. ఉత్తుత్తి ఆస్తుల స్థానంలో అసలైనవి పెట్టడానికి మేటాస్ కొనుగోలు ఆఖరి ప్రయత్నమని కూడా అందులోనే ఉంది. అంత పెద్ద చదువుల బోర్డు కూడా ఇంటి యజమానికి అడ్డు చెప్పలేకపోయింది.

2013 కంపెనీల చట్టం వచ్చింది. సొంతవాళ్లతో చేసే పెద్ద లావాదేవీలకు షేర్‌హోల్డర్ల అనుమతి కావాలని, అందులో లాభం ఉన్నవాళ్లు ఓటు వేయకూడదని చెప్పింది. బాగుంది. కానీ ఆ ఓటు నిషేధం నుంచి 2015లో ప్రైవేట్ కంపెనీలను మినహాయించారు. అందరూ బంధువులే అయితే ఓటెవరు వేస్తారన్నది వాళ్ల వాదన. నాకది మింగుడుపడదు. మా మిల్లు లాంటివన్నీ ఆ లెక్కలోకే వస్తాయి మరి.

కుటుంబ వ్యాపారం మీద నాకు కోపం లేదు. కరువేళ హమాలీలకు కూలి ఆపకుండా ఇచ్చింది కూడా ఆ బావగారే, ఆ మాట చెప్పి తీరాలి. నా కోపం ఆ సంతకం తీసుకున్న పద్ధతి మీద. హామీ ఇచ్చే మనిషిని ఇంటివాళ్లు లేకుండా విడిగా కూర్చోబెట్టి, అప్పెంత, దేనికి, కట్టకపోతే ఏం పోతుందో తెలుగులో చెప్పాకే సంతకం తీసుకోవాలి. ఇది బ్యాంకుకు పది నిమిషాల పని.

అత్తయ్యకు అర్థమయ్యేది కాదనకండి. ఇరవై మంది ఆడవాళ్లతో ఏళ్ల తరబడి చీటీ నడిపిన మనిషి. ఎవరు ఏ నెల ఎంతకు పాడారో, ఎవరెంత బాకీయో, ఇప్పటికీ పుస్తకం తెరవకుండా చెబుతుంది.